స్పైనల్ ట్రే దరిదాపుల్లో ట్రానెగ్జామిక్ యాసిడ్ వద్దు

విశాఖపట్నం జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారికి, నగరంలోని నర్సింగ్‌హోములు, ప్రసూతి ఆసుపత్రుల యాజమాన్యాలకు, ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొనే అధికారులకు

నమస్కారం.

ఈ ఊళ్లో జరిగే సిజేరియన్లలో ఎక్కువ భాగం నడుములో ఇచ్చే మత్తుతోనే (స్పైనల్) జరుగుతాయి. హెర్నియా, హైడ్రోసీల్, మొలలు, కాలి ఎముకల ఆపరేషన్లూ చాలావరకు అంతే. కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలోనైనా, గాజువాకలోనో పెందుర్తిలోనో పది పడకల నర్సింగ్‌హోములోనైనా అందుకు వాడే మందు ఒకటే, బుపివకైన్ హెవీ. ఆ మందు మీద మాకు ఫిర్యాదేమీ లేదు. సరిగ్గా వాడితే తల్లి మెలకువగా ఉండి బిడ్డ ఏడుపు వింటుంది. గొంతులోకి గొట్టం వేసే పని, దాంతో వచ్చే ప్రమాదం రెండూ తప్పుతాయి. మా దిగులంతా ఆ మందు పక్కన ఏం పెడుతున్నారన్నదే.

సూటిగా అడుగుతున్నాం. రక్తస్రావం ఆపడానికి నరంలోకి ఇచ్చే ట్రానెగ్జామిక్ యాసిడ్ ఆంప్యూల్ (చిన్న గాజు సీసా) మత్తు ట్రేలో ఉండకూడదు, మత్తు ట్రాలీ సొరుగులోనూ ఉండకూడదు. వీలైతే ఆ థియేటర్ గదిలోనే ఉండకూడదు. 2022 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన హెచ్చరిక సారాంశం కూడా ఇదే. ఆ కాగితం మన నగరంలో ఎన్ని థియేటర్ల గోడల మీద ఉందో ఈసారి తనిఖీకి వెళ్లినప్పుడు చూడండి.

ముందు మందు సంగతి చెబుతాం, ఎందుకంటే కొనేవాళ్లకూ అనుమతులిచ్చేవాళ్లకూ ఇది తెలిసి ఉండాలి. 0.5 శాతం బుపివకైన్ హెవీలో ప్రతి మి.లీ.కి 5 మి.గ్రా. మందు, 80 మి.గ్రా. డెక్స్‌ట్రోజ్ ఉంటాయి. ఆ డెక్స్‌ట్రోజ్ వల్ల అది వెన్నునీటి (వెన్నుపాము చుట్టూ ఉండే నీరు) కంటే బరువుగా ఉండి, మనిషిని ఎటు వంచితే అటు పల్లానికి దిగుతుంది. సిజేరియన్‌కు మామూలుగా 1.8 నుంచి 2.2 మి.లీ. సరిపోతుంది, అంటే 9 నుంచి 11 మి.గ్రా. హెర్నియాకు, కాలికి 2.5 నుంచి 3 మి.లీ. దాకా పోతారు. గర్భిణికి తక్కువ చాలడానికి ఒక కారణం ఉంది. కడుపు ఒత్తిడికి వెన్నులోని సిరలు ఉబ్బి, నీరు ఉండే చోటు ఇరుకవుతుంది. మందులో 10 నుంచి 15 మైక్రోగ్రాముల ఫెంటనిల్ కలిపితే నొప్పి ఇంకా బాగా అణుగుతుంది. ఫెంటనిల్ మి.లీ.కి 50 మైక్రోగ్రాములు కాబట్టి కలపాల్సింది 0.2 నుంచి 0.3 మి.లీ. మాత్రమే. దాన్ని 1 మి.లీ. సిరంజితోనే తీయాలి. 5 మి.లీ. సిరంజిలో కంటి అంచనాతో తీస్తే ఒకసారి సగం, ఒకసారి రెట్టింపు పడుతుంది.

ఆంప్యూల్ 4 మి.లీ.ది కనుక ప్రతి కేసులో ఎంతో కొంత మిగులుతుంది. అందులో ప్రిజర్వేటివ్ ఉండదు. మిగిలింది పారబోయాల్సిందే. "సగం ఉంది కదా, తర్వాతి కేసుకు పనికొస్తుంది" అని దూది కప్పి పక్కన పెట్టడం ఇంకా ఎక్కడైనా జరుగుతుంటే దయచేసి ఈ రోజే ఆపించండి. వెన్నునీటిలోకి వెళ్లిన సూక్ష్మక్రిమి మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరల వాపు) తెస్తుంది. ఆ ఆదా విలువ ఒక ఆంప్యూల్ ధరలో సగం.

ఇక అసలు విషయం. ట్రానెగ్జామిక్ యాసిడ్ ప్రసూతి థియేటర్లోకి రావడానికి మంచి కారణమే ఉంది. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన వుమన్ ట్రయల్ అనే పరిశోధనలో 20,060 మంది స్త్రీలను పరిశీలించారు. ప్రసవమైన 3 గంటల్లోపు 1 గ్రాము నరంలోకి ఇస్తే రక్తం పోయి చనిపోయేవాళ్లు తగ్గారు. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫార్సును ఆ మేరకు మార్చింది. అప్పటి నుంచి ఆ మందు ప్రసూతి గదుల్లో చేతికందే చోట ఉంటోంది. ఉండాలి కూడా. కానీ అది వచ్చేదీ 500 మి.గ్రా. మందున్న 5 మి.లీ. గాజు ఆంప్యూల్లోనే, బుపివకైన్ హెవీదీ దాదాపు అదే సైజు గాజు ఆంప్యూల్. రెండింట్లోనూ నీళ్లలాంటి ద్రవమే. కంపెనీని బట్టి లేబుల్ రంగు మారుతుంది, అక్షరాల సైజు మారుతుంది. ఒక్కోసారి రెండు వేర్వేరు కంపెనీల ఆంప్యూళ్లు కవలల్లా ఉంటాయి.

ట్రానెగ్జామిక్ యాసిడ్ వెన్నునీటిలోకి వెళ్తే జరిగేది మత్తు పట్టకపోవడం ఒక్కటే కాదు. వెన్నుపాములో నరాల ఉద్రేకాన్ని అణచి ఉంచే గ్లైసిన్, గాబా అనే రెండు రసాయనాల పనిని అది అడ్డుకుంటుంది. అణచేది లేకపోయేసరికి నరాలు చెలరేగిపోతాయి. కొన్ని నిమిషాల్లో పిరుదుల్లో, నడుములో, తొడల్లో భరించలేని మంట మొదలవుతుంది. తర్వాత కాళ్లు ఎగురుతాయి, ఆ ఎగురు పైకి పాకుతుంది, బీపీ, పల్స్ పెరుగుతాయి, ఫిట్స్ వస్తాయి, గుండె లయ తప్పుతుంది. అనస్థీషియా అనే పత్రికలో 2019లో వచ్చిన సమీక్షలో ఇలాంటి కేసులు 21 నమోదయ్యాయి. వాళ్లలో 10 మంది చనిపోయారు. ప్రచురణ దాకా వచ్చినవి మాత్రమే అవి.

ఇంత పెద్ద తప్పు ఎలా జరుగుతుందని బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. థియేటర్లో నిలబడి చూస్తే ఆశ్చర్యం ఉండదు. మత్తు డాక్టర్ చేతులు కడుక్కుని స్టెరైల్ గ్లవుజులు వేసుకుని ఉంటారు, ఆంప్యూల్ ముట్టుకోకూడదు. సిస్టర్ ఆంప్యూల్ మెడ విరిచి, కాస్త వంచి పట్టుకుంటుంది. డాక్టర్ సూది పెట్టి లాగుతారు. ఆ నాలుగైదు సెకన్లలో లేబుల్ ఎక్కడుంది? సిస్టర్ బొటనవేలి కింద. డాక్టర్‌కు కనిపించేది గాజు మూతి, సూది మొన. సిస్టర్ చూపు బల్ల మీద కూర్చున్న పేషెంటు కదలకుండా చూడటం మీద ఉంటుంది. అర్ధరాత్రి ఎమర్జెన్సీ అయితే ఆమె ఒక్కతే నాలుగు పనులు చేస్తుంటుంది. లేబుల్ చదవాల్సిన ఇద్దరిలో ఒకరికి అది కనబడదు, ఇంకొకరు చూడరు.

మరి ఆ ఆంప్యూల్ అక్కడికి ఎలా చేరింది? చాలావరకు ముందు కేసు సర్దినప్పుడు. వాడకుండా మిగిలిన విడి ఆంప్యూళ్లను ట్రేలోంచి ఏరి, దగ్గరున్న డబ్బాలో వేస్తారు. అట్టపెట్టె తీసేసి, ఆంప్యూళ్లను ప్లాస్టిక్ డబ్బాల్లో కలగలిపి పోసే అలవాటు మన దగ్గర చాలా చోట్ల ఉంది. చోటు కలిసొస్తుందని. డబ్బా మీద "స్పైనల్" అని రాసి ఉంటే చాలు, ఆ తర్వాత లోపలున్నదంతా స్పైనల్ మందే అని చెయ్యి నమ్మేస్తుంది.

కాబట్టి చేయాల్సిన పని చిన్నదే, కానీ ప్రతిసారీ చేయాలి. బుపివకైన్ హెవీ కంపెనీ పెట్టెలోనే ఉండాలి, మత్తు గదిలో ఒకే చోట, తాళం సొరుగులో. ట్రానెగ్జామిక్ యాసిడ్ ఆపరేషన్ థియేటర్ బయట, రక్తస్రావం మందుల పెట్టెలో ఉండాలి. దాని మీద తెలుగులో పెద్ద అక్షరాలతో "నరంలోకి మాత్రమే, వెన్నులోకి కాదు" అని చీటీ ఉండాలి. అవసరమైతే తెచ్చుకోవడానికి ఒక నిమిషం పడుతుంది. రక్తస్రావంలో ఆ నిమిషం మనకు ఉంటుంది. విడి ఆంప్యూల్ ఏదైనా, ఏ మందైనా, తిరిగి డబ్బాలోకి వెళ్లకూడదు. స్పైనల్ మొదలుపెట్టే ముందు ట్రే మీద ఉండాల్సిన ఆంప్యూళ్లు లెక్క ప్రకారం బుపివకైన్ ఒకటి, ఫెంటనిల్ ఒకటి, చర్మం మొద్దుబార్చడానికి లిగ్నోకైన్ ఒకటి. నాలుగోది కనిపిస్తే అది ఎందుకుందో తేలేదాకా ఆగాలి.

విరిచే ముందు సిస్టర్ లేబుల్‌ను డాక్టర్ కళ్ల ముందు పెట్టి పైకి చదవాలి. "బుపివకైన్, 0.5 శాతం, హెవీ, 4 మి.లీ., ఎక్స్‌పైరీ ఫలానా." డాక్టర్ తానూ చదివి అదే మాట తిరిగి చెప్పాలి. "చూశాం లెండి" అనడం చదవడం కాదు. విరిచిన ఆంప్యూల్‌ను వెంటనే చెత్తలో వేయకుండా, మత్తు ఎంతవరకు ఎక్కిందో పరీక్షించి తేల్చేదాకా ట్రే పక్కనే నిలబెట్టి ఉంచాలి. ఇది ఎందుకో కింద చెబుతున్నాం, ఈ ఉత్తరంలో ముఖ్యమైన మాట అదే. కేసు షీటులో కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు రాయాలి. పది సెకన్ల పని.

వెన్నుకు వాడే సూదులకు, సిరంజిలకు ఎన్‌ఆర్‌ఫిట్ అనే వేరే రకం మూతి వచ్చింది కదా, అది కొంటే సరిపోదా అని కొందరు యజమానులు అడుగుతున్నారు. నరంలోకి ఇవ్వాల్సిన సిరంజిని పొరపాటున వెన్ను సూదికి తగిలించకుండా అది ఆపుతుంది. మంచిదే. కానీ తప్పు ఆంప్యూల్లోంచి సరైన సిరంజిలోకి మందు లాగితే అది ఏమీ చేయలేదు. మనం మాట్లాడుకుంటున్న తప్పు సరిగ్గా ఈ రెండో రకానిది. డబ్బుతో కొనే పరికరం కంటే ఖర్చులేని ఆ చదివే అలవాటే ఇక్కడ ఎక్కువ పనిచేస్తుంది.

ఇప్పుడు ముఖ్యమైన మాట. స్పైనల్ ఇచ్చిన తర్వాత మత్తు పట్టకపోతే మన థియేటర్లలో ముందు వచ్చే మాటలు మూడు. "సూది కదిలి ఉంటుంది." "ఎండకు మందు పాడైంది." "ఈవిడకు ఎప్పుడో తేలు కుట్టి ఉంటుంది." మొదటిది చాలాసార్లు నిజమే. సూది మొన ఒక మిల్లీమీటరు జరిగినా మందు బయట పడిపోతుంది. రెండోది చాలా అరుదు. బుపివకైన్ గట్టి మందు, విశాఖ మే నెల ఉక్కపోతకు ఒక్కరోజులో చచ్చిపోయేది కాదు. అలాగని పెట్టె మీద రాసిన ఉష్ణోగ్రత దాటనివ్వమని కాదు. మూడోదానికి మన దేశం నుంచి కొన్ని కేసు నివేదికలు వచ్చాయి గానీ, దాని మీద ఆధారపడి నిర్ణయం తీసుకునేంత బలం వాటికి లేదు. ఈ మూడింటికీ ముందు అడగాల్సిన ప్రశ్న నాలుగోది. ఏ ఆంప్యూల్ విరిచాం? నడుములో, పిరుదుల్లో మంటగా ఉందని ఆమె అరుస్తుంటే, కాళ్లు మొద్దుబారకుండా ఎగురుతుంటే, రెండో డోసు లాగకండి. ఆంప్యూల్ చేతిలోకి తీసుకుని చదవండి. చెత్త సంచిలో వెతికే పరిస్థితి వస్తే విలువైన పది నిమిషాలు పోతాయి. అందుకే దాన్ని నిలబెట్టి ఉంచమన్నాం.

తప్పు జరిగిందని తేలితే మంచం తల వైపు ఎత్తాలి. నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వాలి. ఫిట్స్ ఆగడానికి మిడజోలం, తర్వాత ప్రొపోఫాల్ లేదా థయోపెంటోన్‌తో పూర్తి మత్తు ఇచ్చి గొట్టం వేయాలి. మెగ్నీషియం సల్ఫేట్ నరంలోకి మొదలుపెట్టాలి. గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ పక్కన ఉండాలి. వెన్నులోకి మళ్లీ సూది వేసి 10 మి.లీ. నీరు తీసి, అంతే నార్మల్ సెలైన్ ఎక్కించి, ఇలా నాలుగు సార్లు కడిగినవాళ్లు బతికిన కేసులు నివేదికల్లో ఉన్నాయి. ఐసీయూ లేని నర్సింగ్‌హోము ఏ పెద్దాసుపత్రికి ఫోన్ చేయాలో, అంబులెన్సులో వెంటిలేటర్ ఉందో లేదో ముందే తెలుసుకుని గోడ మీద రాసి పెట్టుకోవాలి. బీచ్ రోడ్డులో ట్రాఫిక్ ఆపేసిన రోజున ఆ సంగతి కనుక్కోవడం మొదలుపెడితే ఆలస్యమే.

ఆంప్యూళ్లను మందు ద్రవాల్లో నానబెట్టి శుభ్రం చేసే పాత పద్ధతి ఎక్కడైనా మిగిలి ఉంటే మానిపించండి. 1947లో ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్ ఆసుపత్రిలో ఒకే రోజు స్పైనల్ తీసుకున్న ఇద్దరికి కాళ్లు శాశ్వతంగా పడిపోయాయి. ఆంప్యూళ్లు నానబెట్టిన ఫినాల్, కంటికి కనపడని పగుళ్లలోంచి లోపలికి దిగిందని కోర్టులో వాదన నిలబడింది. కాదు, స్టెరిలైజర్ శుభ్రం చేసిన యాసిడ్ మిగిలిపోవడమే కారణమని తర్వాతి నిపుణులు అన్నారు. ఏది నిజమైనా మనకు పనికొచ్చే విషయం ఒకటే, వెన్నులోకి వెళ్లే దేని దగ్గరా రసాయనం ఉండకూడదు. నానబెడితే లేబుల్ కూడా ఊడిపోతుంది. నడుము తుడవడానికి వాడే క్లోర్‌హెక్సిడిన్ గిన్నె కూడా స్పైనల్ ట్రే మీద ఉండకూడదు. 2010లో సిడ్నీలో ఒక గర్భిణికి సెలైన్ అనుకుని ఆ ద్రవమే వెన్నులోకి ఎక్కించారు. స్పిరిట్‌లో కలిపిన 0.5 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే సూది వేయాలి. వేసేవాళ్లు మూతికి మాస్కు కట్టుకోవాలి. నోటి తుంపర్లలోని క్రిములే స్పైనల్ తర్వాత వచ్చే మెనింజైటిస్‌కు పెద్ద కారణం.

కొనుగోలు అధికారులకు ప్రత్యేకంగా రెండు మాటలు. ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొనే సంస్థ ఏపీఎంఎస్‌ఐడీసీ ద్వారా గానీ, నర్సింగ్‌హోము సొంతంగా గానీ కొన్నప్పుడు, ధర తగ్గిందని బ్రాండ్ మారిస్తే ఆ సంగతి స్టోరుకు ఒక్కదానికే కాదు, థియేటర్‌కూ రాతపూర్వకంగా తెలియాలి. కొత్త ఆంప్యూల్‌ను పాతదాని పక్కన, ట్రానెగ్జామిక్ ఆంప్యూల్ పక్కన పెట్టి ఫొటో తీసి పంపండి. రెండూ ఒకేలా ఉంటే రెండింట్లో ఒకదాని బ్రాండ్ మార్చండి. స్టెరైల్ బ్లిస్టర్ ప్యాక్‌లో వచ్చే బుపివకైన్ హెవీ మార్కెట్లో ఉంది. దాన్ని నేరుగా ట్రే మీద తెరవొచ్చు, డాక్టరే చేత్తో పట్టుకుని లేబుల్ చదవొచ్చు, సిస్టర్ వేలి కింద దాగే సమస్యే ఉండదు. ధర కొంచెం ఎక్కువ. అడిగితే దానికే ఓటేస్తాం.

మందు సరైనదే వెళ్లినా పని అక్కడితో అయిపోదు. స్పైనల్ తర్వాత మొదటి పదిహేను నిమిషాల్లో బీపీ పడిపోవడం గర్భిణుల్లో మామూలు. కుడి తుంటి కింద దిండు పెట్టి, బల్లను ఎడమకు 15 డిగ్రీలు వంచి, బిడ్డ బయటికొచ్చేదాకా ప్రతి నిమిషం బీపీ చూడాలి. ఐదు నిమిషాలకోసారి చూసే సెట్టింగ్‌లో మానిటర్ వదిలేస్తే నాలుగు నిమిషాల పాటు పడిన బీపీ ఎవరికీ కనిపించదు. "వాంతి వచ్చేలా ఉంది" అని తల్లి అందంటే చాలాసార్లు బీపీ అప్పటికే పడింది. అప్పుడు బీపీ పెంచే మందు ఇవ్వాలి. మెఫెంటర్మిన్ అయితే 6 మి.గ్రా. చొప్పున. ఫినైలెఫ్రిన్ అయితే ఒక్కసారికి 50 నుంచి 100 మైక్రోగ్రాములు. కానీ ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. ఫినైలెఫ్రిన్ ఆంప్యూల్లో 1 మి.లీ.లో 10 మి.గ్రా. ఉంటుంది, అంటే కావాల్సిన డోసుకు వంద రెట్లు. మొత్తం ఆంప్యూల్‌ను 100 మి.లీ. సెలైన్ సీసాలో కలిపితే మి.లీ.కి 100 మైక్రోగ్రాములు అవుతుంది. ఆ సీసా మీద పేరు, గాఢత, కలిపిన టైము రాయాలి. కలపని ఆంప్యూల్‌ను సిరంజిలోకి లాగి ట్రాలీ మీద పెట్టడం నేరం లాంటిదే.

కోత పెట్టే ముందు చల్లటి స్పిరిట్ దూదితో రెండు వైపులా పరీక్షించాలి. సిజేరియన్‌కు చల్లదనం చనుమొనల ఎత్తు దాకా తెలియకూడదు. అంతకంటే పైకి పోయి "చేతివేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, మాట రావట్లేదు" అంటే, చెయ్యి గట్టిగా పట్టుకోమని చూడండి. పట్టు లేకపోతే ఆక్సిజన్, మాస్కుతో శ్వాస, అవసరమైతే గొట్టం. ఇవి చేసేవాళ్లు గదిలోనే ఉండాలి. ఫోన్ చేస్తే వచ్చి, వెన్నులో మందు ఇచ్చి, పది నిమిషాల్లో ఇంకో నర్సింగ్‌హోముకు బయల్దేరే మత్తు డాక్టరు ఈ నగరానికి కొత్త కాదు. పొమ్మనేది కేసుకింత అని బేరమాడే యాజమాన్యం, పోయేది మావాళ్లు. తప్పు రెండు వైపులా ఉంది. ఆపరేషన్ అయ్యి, పేషెంటు రికవరీకి చేరేదాకా మత్తు డాక్టర్ ఉండాలన్నది రిజిస్ట్రేషన్ షరతుగా పెట్టండి. మత్తు షీటులో వచ్చిన టైము, వెళ్లిన టైము రాయించండి.

బుపివకైన్ హెవీ స్పైనల్ డోసు రక్తంలోకి పోయినా గుండెను ఆపేంత ఉండదు. ఆ భయం డెక్స్‌ట్రోజ్ లేని మామూలు బుపివకైన్‌తో, అంటే నరాలను మొద్దుబార్చే బ్లాకులకు, గాయం చుట్టూ పొడవడానికి వాడేదానితో. గరిష్ఠం కిలోకు 2 మి.గ్రా. 50 కిలోల తల్లికి 100 మి.గ్రా. సిజేరియన్ తర్వాత పొట్టకు రెండు వైపులా 20 మి.లీ. చొప్పున 0.25 శాతం ఇస్తే సరిగ్గా 100 మి.గ్రా. అయిపోయింది. కుట్లు వేస్తూ సర్జన్ గారు "కాస్త లోకల్ ఇవ్వండి" అని 0.5 శాతంది ఇంకో 10 మి.లీ. చర్మంలో పొడిస్తే 150. ఎవరి లెక్క వాళ్లకు సరైనదే, కలిపి చూసినవాళ్లే ఉండరు. అందుకే బోర్డు మీద ఒకే చోట మొత్తం రాయాలి.

పెదవుల చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు ముందు వస్తాయి. తర్వాత ఫిట్స్, ఆ తర్వాత గుండె. అప్పుడు కావాల్సింది 20 శాతం లిపిడ్ ఎమల్షన్, అంటే నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రవం. కిలోకు 1.5 మి.లీ. రెండు మూడు నిమిషాల్లో, అంటే 50 కిలోలకు 75 మి.లీ. తర్వాత కిలోకు నిమిషానికి 0.25 మి.లీ. చొప్పున. మొత్తం కిలోకు 12 మి.లీ. మించకూడదు. అడ్రినలిన్ మామూలు గుండె ఆగిన కేసులోలా 1 మి.గ్రా. కాకుండా కిలోకు 1 మైక్రోగ్రాము లోపే. ప్రొపోఫాల్ కూడా పాలలా తెల్లగా ఉంటుందని దాన్ని ఎక్కించే ఆలోచన రానివ్వొద్దు. అందులో కొవ్వు 10 శాతమే, పైగా ఆ మందు గుండెను ఇంకా అణుస్తుంది. మామూలు బుపివకైన్ వాడే ప్రతి థియేటర్లో 1000 మి.లీ. లిపిడ్ ఉండాలి. వాడకుండా ఎక్స్‌పైరీ అవుతుందని చిన్న ఆసుపత్రులు వెనకాడుతున్నాయి. దానికి ఉపాయం ఉంది. గడువుకు మూడు నాలుగు నెలల ముందు, ఐసీయూలో నరం ద్వారా పోషణకు రోజూ అదే వాడే పెద్దాసుపత్రికి ఇచ్చి కొత్తది తెచ్చుకునే ఏర్పాటు చేయించొచ్చు. ఈ పని మీ కార్యాలయం నుంచి ఒక ఉత్తరం వెళ్తే అవుతుంది.

వార్డులో సిస్టర్లకు ఒక్క పరీక్ష నేర్పండి. స్పైనల్ ఇచ్చిన నాలుగు గంటలకు కాలు మోకాలు వంచకుండా మంచం మీంచి ఎత్తగలగాలి. ఎత్తలేకపోతే "ఇంకా మత్తు వదల్లేదు, పొద్దున చూద్దాం" అనకుండా అప్పుడే మత్తు డాక్టర్‌కు ఫోన్. వెన్నులో రక్తం గడ్డకట్టి నరాలను నొక్కుతుంటే 8 గంటల్లోపు తీసేస్తేనే కాళ్లు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సాపారిన్ 40 మి.గ్రా. తీసుకుంటున్నవాళ్లకు ఆఖరి డోసు తర్వాత 12 గంటలు గడవకుండా స్పైనల్ వద్దు. కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే తగ్గడం అనేది వేరే సంగతి. సూది రంధ్రంలోంచి నీరు కారడం వల్ల అది వస్తుంది. పెన్సిల్ మొన సూదులు కొంటే బాగా తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఉండే నడుమునొప్పికి ఈ సూదిని నిందించడం మన ఇళ్లలో ఆనవాయితీ. పరిశోధనలు దాన్ని సమర్థించలేదు.

ఒకే బ్యాచ్‌లో వరసగా మత్తు పట్టకపోతే విరవని ఆంప్యూళ్లు పక్కన పెట్టి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వండి. విరిచినవి పరీక్షకు పనికిరావు. మందు వికటించిన ప్రతి ఘటననూ జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024 నంబరులో చెప్పొచ్చు. ఆంప్యూల్ తారుమారు గురించి చెప్పిన సిస్టర్‌ను సస్పెండ్ చేస్తే తర్వాతి తారుమారు మీకు తెలియదు. తనిఖీకి వెళ్లే మీ సిబ్బందికి మా విన్నపం, రిజిస్టర్లు చూడటానికి ముందు మత్తు ట్రాలీ సొరుగు లాగి చూడండి. విడి ఆంప్యూళ్లు కలగలిపిన డబ్బా కనిపిస్తే అక్కడే ఖాళీ చేయించండి.

ట్రే ఎలా అమర్చాలో, లేబుల్ ఎలా చదివించాలో చూపించమంటే ఏ ఆసుపత్రికైనా మేమే వస్తాం. గంట కూడా పట్టదు. రాత్రి డ్యూటీ సిస్టర్లను తప్పకుండా పిలిపించండి, పగటివాళ్లతోనే సరిపెట్టకండి.

ఇట్లు,
విశాఖపట్నం ఆపరేషన్ థియేటర్లలో పనిచేస్తున్న కొందరు మత్తు వైద్యులు, ఓటీ టెక్నీషియన్లు